పొట్టేలు మెడలో ఓబులమ్మ కాన్పు కాగితం

నా ఉద్యోగంలో నేను కాయించిన వేణ్ణీళ్లన్నీ ఒక్కచోట పోస్తే కంభం చెరువు అలుగు పారేది. అందులో సగం నీళ్లు ఏ పనికీ వాడలేదు. ఇప్పుడు చెప్పినా పెన్షను ఆపరు కాబట్టి ఆ రహస్యం చెప్పేస్తున్నాను. అత్తగార్లను గదిలోంచి బయటికి పంపడానికి నాకు దొరికిన మర్యాదైన దారి అదొక్కటే. "పెద్ద కాగులో నీళ్లు పెట్టమ్మా, బాగా తెర్లాల, నువ్వే దగ్గరుండాల" అంటే ఎంతటి అత్తగారైనా కొంగు బిగించి పొయ్యి దగ్గరికి పోయేది. అప్పుడు నేను తలుపు దగ్గరికి వేసి, మంచం మీద ఉన్న పిల్లతో మాట్లాడేదాన్ని.

ఈ విద్య నాకు ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. ఒక గొర్రెల కాపరుల ఇంటి కోడలు నేర్పింది. ఆమెతోపాటు ఒక పొట్టేలుకు కూడా నేను కొంత రుణపడి ఉన్నాను.

మా చెల్లెలి మనవరాలు నర్సు చదువులో చేరుతూ, "అమ్మమ్మా, నీకు తెలిసింది రాసియ్యి" అని అడిగింది. పుస్తకంలో ఉన్నది పుస్తకంలో చదువుకుంటుంది. నేను ఏ ఊరి నుంచి ఏ ఊరికి మారానో, ఎవరు నన్ను మెచ్చుకుని ఏం రాసిచ్చారో దానికి అక్కర్లేదు. అందుకని ఒక్క కాన్పు గురించి రాస్తున్నాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది, దాన్ని దాచను.

మా దవాఖానా, మా డాక్టరుగారు

అవి మద్రాసు రాజధాని రోజులు. మార్కాపురం, కంభం, గిద్దలూరు అన్నీ కర్నూలు జిల్లా కింద ఉండేవి. యుద్ధం జరుగుతోంది, కిరసనాయిలు దొరికేది కాదు. రైలు దారికి దగ్గర్లో ఒక చిన్న ఊళ్లో మా దవాఖానా. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లు ఇప్పటికీ ఆ పొట్టేలు సంగతి ఎత్తితే ముఖం చిట్లిస్తారు.

రెండు గదులు, ఒక వసారా, నాలుగు మంచాలు. మనుషులం ముగ్గురం. డాక్టరు శేషాచలంగారు, కాంపౌండరు మస్తాన్ సాయబు, మిడ్‌వైఫు అనే పేరుతో నేను. ఊరివాళ్లు నన్ను నర్సమ్మ అనేవాళ్లు. ఆపరేషను అంటే మా దగ్గర గడ్డ కోయడం, పన్ను పీకడం. కడుపు కోసే గది, మత్తు ఇచ్చే మనిషి, రక్తం ఎక్కించే వసతి, ఇవేవీ లేవు. వాటి కోసం రైలెక్కి పెద్దాసుపత్రికి పోవలసిందే.

శేషాచలంగారు మంచి మనిషి. రోగిని విసుక్కోరు, మందు దాచుకోరు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. కాగితం మీద లేనిది ఆయన లెక్కలో లోకంలో లేదు. ఒకసారి కాలికి కట్టుతో ఒక ముసలాయన వచ్చాడు. చీటీ ఇంట్లో మరిచిపోయాడు.

"ఈ కట్టు ఎవరు కట్టారో ఆధారం ఏమిటి?" అని అడిగారు డాక్టరుగారు.

"నువ్వే గదా సామీ నిన్న కట్టినావు!"

"అది నాకు తెలుసయ్యా. రిజిస్టరుకు తెలియాలి కదా."

ముసలాయన ఎండలో ఇంటికి పోయి చీటీ తెచ్చేదాకా కట్టు విప్పలేదు. మేం నవ్వుకునేవాళ్లం. కానీ నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆయన కాగితాన్ని నమ్మితే నేను గట్టిగా మాట్లాడే మనిషిని నమ్మేదాన్ని. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లకే అన్నీ తెలుసనుకునేదాన్ని.

అత్త కడుపులో తన్నుతున్న బిడ్డ

ఎండాకాలం మొదట్లో పుల్లలచెరువు వైపు నుంచి ఒక బండి వచ్చింది. అందులోంచి గురవమ్మ దిగింది. ఆమె వెనక కొడుకు చెన్నయ్య, వాడి వెనక కోడలు ఓబులమ్మ. గురవమ్మ యాభై దాటిన మనిషి, నూటయాభై గొర్రెల మందకు యజమానురాలు. ఆమె గొంతు మందలో ఈ చివర నుంచి ఆ చివరికి వినబడటానికి తయారైన గొంతు. ఓబులమ్మకు ఇరవై, ఇరవై ఒకటి ఉంటాయేమో. నిండు కడుపు.

ఓబులమ్మను మంచం మీద పడుకోబెట్టి అడగడం మొదలుపెట్టాను.

"ఎన్నో నెల తల్లీ?"

ఓబులమ్మ నోరు తెరవబోయింది.

"ఎనిమిది నిండినాయి నర్సమ్మా," అంది గురవమ్మ.

"అన్నం సయిస్తుందా?"

"బాగ తింటాది."

"బిడ్డ కదులుతోందా?"

"ఎగిరెగిరి తంతాది. రేత్రి నిద్ర పోనియ్యదు," అని గురవమ్మ తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని చెప్పింది.

అప్పుడైనా నాకు నవ్వు రావాలి, బుద్ధీ రావాలి. రెండూ రాలేదు. ఆమె చెప్పిందల్లా రాసుకున్నాను. తర్వాత చీర పక్కకు తీసి చూస్తే బొడ్డు కింద నుంచి నిలువుగా ఒక మచ్చ. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మూడేళ్ల కింద మొదటి కాన్పుకు ఓబులమ్మ పుట్టింటికి పోయింది. ఆ ఊరు రైలు స్టేషను పక్కనే. నొప్పులు వచ్చి, బిడ్డ రాక, మంత్రసాని చేతులెత్తేస్తే, స్టేషను మాస్టరు దయతలచి గూడ్సు బండిలో గార్డు పెట్టె ఎక్కించాడట. పెద్దాసుపత్రిలో కడుపు కోసి తల్లినీ బిడ్డనూ బతికించారు. పిల్లాడికి ఇప్పుడు మూడేళ్లు. అప్పుడు వెంట ఉన్నది ఓబులమ్మ తల్లి. ఆమె కిందటి ఏడు పోయింది. గురవమ్మ ఆ ఆస్పత్రి గడప కూడా తొక్కలేదు. అయినా కోత సంగతంతా కళ్లకు కట్టినట్టు ఆమే చెప్పింది.

"గుమ్మడికాయను కోసినట్టు నిలువునా కోసినారు నర్సమ్మా, పైనుంచి కిందికి."

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. తోలు మీది మచ్చను చూసి లోపలి సంగతి చెప్పకండి. బయట నిలువుగా కోసి లోపల పిల్లసంచిని అడ్డంగా కోయవచ్చు. సంచి పైభాగంలో నిలువు కోత పడితే, మళ్లీ నొప్పులు వచ్చినప్పుడు ఆ కుట్టు పిగిలే భయం ఎక్కువ. కింద సన్నని చోట అడ్డంగా కోసి ఉంటే ఆ భయం తక్కువ. లేదని మాత్రం అనకండి, తక్కువ. మొదటిసారి ఎందుకు కోశారో కూడా తెలియాలి. బిడ్డ అడ్డం తిరిగినందుకు కోస్తే ఈసారి తిన్నగా ఉండవచ్చు. ఎముకల దారే ఇరుకైతే అది ఈసారి కూడా ఇరుకే. కోత తర్వాత జ్వరం వచ్చిందా, కుట్టు చీము పట్టిందా అన్నది కూడా కావాలి.

ఓబులమ్మను చూసి నేనెందుకంత భయపడ్డానో కూడా చెబుతాను. అంతకు రెండేళ్ల ముందు ఇలాగే ఒకసారి కోయించుకున్న ఒకామె, రెండో కాన్పు ఇంట్లోనే అనుకుని, నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోతే బండిలో మా దగ్గరికి వచ్చింది. లోపల కుట్టు పిగిలింది. నా చేతుల్లోనే పోయింది. ఆమె పేరు నేను మరిచిపోలేదు, ఇక్కడ రాయను. ఆ బండి ఎద్దుల మెడలో గంటల చప్పుడు చాలా ఏళ్లు నన్ను వదల్లేదు.

ముగ్గురికి మూడు తీర్పులు

డాక్టరుగారు మచ్చ చూశారు. "ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితం ఉంటే ఆలోచిస్తాను. లేకపోతే రైలెక్కి పోయి మళ్లీ కోయించుకోవడమే. ఇంకో మాట లేదు," అన్నారు.

గురవమ్మకు కోపం వచ్చింది. "మళ్లా కోతా? ఏంది సామీ నువ్వు చెప్పేది? మా గొర్రెకు పిల్ల కిందికి దిగక నేనే చెయ్యి పెట్టి తీసినా. మళ్లేడు అది నిలబడి మేస్తా మేస్తా ఈనింది. ఇంటికాడనే కంటాది మా కోడలు. నేను లేనా?"

చెన్నయ్య తల గోక్కుని, "అమ్మ చెప్పినట్టు... డాక్టరు సారు చెప్పినట్టు..." అన్నాడు. ఆ రెండూ ఒకేసారి జరగవని వాడికీ తెలుసు.

నా మాట అడిగితే, లోపలి కోత ఎక్కడుందో తెలిస్తే తప్ప చెప్పలేనన్నాను. ఓబులమ్మ తలుపు రెక్క పట్టుకుని నేల చూస్తూ నిలబడి ఉంది. ఆమెను ఎవరం ఏమీ అడగలేదు.

"ఇంతకీ ఆ కాగితం ఎక్కడుంది?" అన్నారు డాక్టరుగారు.

గురవమ్మ ముఖం వెలిగింది. "భద్రంగ ఉండాది సామీ. బొల్లిగాని మెడలో."

"బొల్లిగాడెవరు?"

"మా పొట్టేలు."

మస్తాన్ సాయబు సీసాలు తుడవడం మొదలుపెట్టాడు. అవి అప్పటికే తుడిచి ఉన్నాయి.

గురవమ్మ విడమరచి చెప్పింది. కోడలు పసిబిడ్డతో ఇంటికొచ్చిన ఏడే గొర్రెలకు పెద్దరోగం తగిలి మందలు ఊడ్చుకుపోతున్నాయి. చావు నోట్లోంచి తల్లినీ బిడ్డనూ వెనక్కు తెచ్చిన ఆస్పత్రి కాగితం ఇంట్లో ఉంది, ఇంగ్లీషు రాత, కింద ముద్ర. అంత శక్తి గల కాగితాన్ని గూట్లో పెట్టి ఏం లాభం? మంద ముందు నడిచే పొట్టేలు బతికితే మంద బతుకుతుంది. అందుకని దాన్ని చుట్టి, గొట్టంలో పెట్టి, మైనంతో మూసి బొల్లిగాని మెడకు కట్టింది. బొల్లిగాడు బతికాడు.

"గొట్టం ఎక్కడిది?" అని డాక్టరుగారు అడిగారు.

"మందుల సాయబు ఇచ్చినాడు గదా."

క్వినైను మాత్రలు అయిపోతే మిగిలే అల్యూమినియం గొట్టాలు. మా సాయబు వాటిని పారెయ్యలేక అడిగినవాళ్లకల్లా ఇచ్చేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో మా దవాఖానా గొట్టం లేని పొట్టేలు లేదని ఆరోజు తెలిసింది.

ఆ పొట్టేలేమో మందతో కూడా నల్లమల అంచుకు మేతకు పోయి ఉంది. డాక్టరుగారు రిజిస్టరు తెరిచి, "పేషెంటు కాగితములు పొట్టేలు వద్ద ఉన్నవి. తెప్పించవలెను" అని రాసి సంతకం పెట్టారు. చెన్నయ్య భుజాన కంబళి వేసుకుని బయలుదేరాడు. గొట్టం మాత్రం విప్పకూడదు. కట్టిన చెయ్యే విప్పాలని గురవమ్మ ఒట్టు వేయించుకుంది.

వసారాలో మూడు పొట్టేళ్లు

వాడు తిరిగి రావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ ఓబులమ్మను దవాఖానాలోనే ఉంచాను. రోజూ కడుపు పట్టి చూసేదాన్ని. బిడ్డ తల కిందికే ఉంది. గురవమ్మతో గొర్రెల కాన్పుల గురించి గంటలు గంటలు మాట్లాడాను, నిజం చెప్పాలంటే చాలా నేర్చుకున్నాను. ఓబులమ్మతో నేను మాట్లాడింది రెండే మాటలు. "పడుకో." "లే."

ఒకట్రెండుసార్లు ఆమె "నర్సమ్మా, అదీ..." అని మొదలుపెట్టింది. "కంగారు పడకు, కాగితం వస్తుంది" అని నేనే ధైర్యం చెప్పి పంపించాను.

ఆరో రోజు పొద్దున చెన్నయ్య వచ్చాడు. వాడి వెనక ఒకటి కాదు, మూడు పొట్టేళ్లు.

"బొల్లిగాడొక్కడే రమ్మంటే రాలా. తోడుగా ఈ రెంటినీ తెచ్చినా," అన్నాడు.

మూడింటి మెడలోనూ మా క్వినైను గొట్టాలే. దారిలో అవి ఉడుకెక్కి పొడుచుకుని, కొమ్ములు తగిలి తాళ్లు తెగి, వాడు మళ్లీ కట్టేటప్పుడు ఏది ఎవరిదో కలగలిసిపోయింది. ఆరోజు కట్లు కట్టించుకోవడానికి వచ్చిన రోగులు కట్ల సంగతి మరిచిపోయి వసారా చుట్టూ చేరారు.

గురవమ్మ ముందు ఒక షరతు పెట్టింది. కాగితం తీసిన గొట్టం ఖాళీగా ఉండకూడదు. దాని బదులు ఇంకో ఇంగ్లీషు కాగితం, ముద్రతో సహా, అప్పటికప్పుడు పెట్టాలి. లేకపోతే విప్పనంది. డాక్టరుగారు ససేమిరా అన్నారు. అరగంట అయ్యింది. ఎండ వసారాలోకి వచ్చింది. చివరికి ఆయన కుర్చీలో కూలబడి, ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసి, ముద్ర కొట్టి ఇచ్చారు.

ఏం రాశారని నేను చెవిలో అడిగాను.

"'ఈ జీవి ఆరోగ్యముగా ఉన్నది' అని రాశానమ్మా. అబద్ధం రాయలేదు కదా," అన్నారు, పాపం, దిగులుగా.

మొదటి గొట్టంలో విభూతి. రెండో దాంట్లో ఒక క్వినైను మాత్ర. దాన్ని సాయబు చటుక్కున తీసుకుని సీసాలో వేసుకున్నాడు. మూడో దాంట్లో కాగితం! చెమటకూ వానకూ కాస్త పచ్చబడింది గానీ అక్షరాలు కనబడుతున్నాయి.

 డాక్టరుగారు ఆ కాగితాన్ని లోపలి గది కిటికీ గట్టు మీద వెలుతురులో పరిచి, ఒక పక్క సిరా బుడ్డి పెట్టి, వంగి చదవసాగారు. పైకి చదవలేదు. "ఊఁ," అన్నారు. "ఊఁ... ఊఁ..." అన్నారు. మేమంతా ఆయన వెనక మూగాం.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి చిరుగుతున్న చప్పుడు. విభూతి పొట్టేలు గదిలోకి వచ్చి బల్ల మీది రిజిస్టరు మేస్తోంది.

"రిజిస్టరు!" అని డాక్టరుగారు అరిచిన అరుపు నేను ఏ కాన్పులోనూ వినలేదు. అందరం అటు దూకాం. సాయబు కొమ్ములు పట్టుకున్నాడు, చెన్నయ్య తోక పట్టుకున్నాడు, డాక్టరుగారు రిజిస్టరు పట్టుకున్నారు. మూడు పేజీలు పోయాయి. మిగతా పుస్తకం దక్కింది.

వెనక్కు తిరిగి చూస్తే కిటికీ అవతల వసారాలో బొల్లిగాడు చువ్వల మధ్య మూతి పెట్టి నిదానంగా నములుతున్నాడు. మూడేళ్లు మెడలో మోసిన తన వస్తువు తాను తీసుకున్నాడు. సిరా బుడ్డి మాత్రం అక్కడే ఉంది.

"మింగకు! మింగవద్దు!" అంటూ డాక్టరుగారు చువ్వల్లోంచి చెయ్యి దూర్చారు. బొల్లిగాడు ఆయన కళ్లలోకి చూస్తూ మింగాడు.

"మెడలో ఉండేది కడుపులోకి పోయినాది. ఇంగ ఏ రోగమూ దగ్గరికి రాదు," అని గురవమ్మ తృప్తిగా చేతులు దులుపుకుంది.

"ఎంత వరకు చదివారు సార్?" అన్నాను.

"సగం. ఎందుకు కోశారో ఉంది. లోపల ఎక్కడ కోశారో కింది సగంలో ఉంది."

చుట్టూ అందరూ నవ్వుతున్నారు. నేను మంచం అంచున కూర్చుండిపోయాను. నాకు ఆ బండి ఎద్దుల గంటలు వినిపించాయి. నిజంగా భయం వేసింది.

కింది సగం

"నేను చెప్తా సామీ."

తలుపు దగ్గరి నుంచి ఓబులమ్మ. ఆ ఆరు రోజుల్లో ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది అప్పుడే. సన్నగా ఉంది, తడబాటు లేదు.

"ఏం చెబుతావు?" అన్నారు డాక్టరుగారు.

"ఆ కాయితంలో ఉండేది. బిడ్డ అడ్డం తిరిగినాడు. కుడి చెయ్యి బయటికొచ్చినాది. తిప్పను చూసినారు, తిరగలా. ఉమ్మనీరు పోయి శానాసేపయినాది. అందుకని కోసినారు."

డాక్టరుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నేను చదివింది ఇదే. వరస కూడా ఇదే. తర్వాత?"

"తోలు మీద నిలువు కోత. లోపల పిల్లసంచికి కింద, అడ్డం కోత. రెండు వరసలు కుట్టినారు. జరం రాలా, చీము పట్టలా. ఎముకల దారి ఇరుకు లేదు. మళ్లా కడుపొస్తే ఇంటికాడ కనగూడదు. కోసే గది ఉండే ఆస్పత్రికి ముందే పోవాల. తల కిందికుంటే నా అంతట నేను కనను చూడొచ్చు. కుట్టుకాడ నొప్పి విడవకుండా వచ్చినా, రక్తం పోయినా, అప్పుడు కోస్తారు. అంతే. కింద ముద్ర."

 బొల్లిగాడు ఒకసారి తేన్చాడు.

"ఇదంతా నీకెట్లా తెలుసే?" అన్నాను.

"ఆడ తెలుగు నర్సమ్మ ఒకామె ఉన్నాది. చదివి చెప్పమని మూడుసార్లు అడిగినా. నూరు గొర్రెల్లో ఏది ఏదో మొగం చూసి చెప్తా, పది మాటలు గుర్తుపెట్టుకోలేనా?"

"మరి ఇన్ని దినాలూ ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"నన్నెవురు అడిగినారు నర్సమ్మా? నువ్వు మా అత్తను అడిగినావు. మా అత్త పొట్టేలును అడగమన్నాది."

నా జీవితంలో నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. పెద్దపెద్ద డాక్టర్లు ఇంగ్లీషులో తిట్టారు. ఇంత మెత్తగా, ఇంత సరిగ్గా తగిలిన మాట మరొకటి లేదు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

ఆ సాయంత్రం ఓబులమ్మతో విడిగా మాట్లాడాలనుకున్నాను. గురవమ్మ పక్కనే కూర్చుంది, కదిలే రకం కాదు. అప్పుడే నాకు కాగు గుర్తొచ్చింది. "అమ్మా, పెద్ద కాగులో నీళ్లు పెట్టు, బాగా తెర్లాల," అన్నాను. గురవమ్మ ఎందుకని అడగలేదు. వేణ్ణీళ్లు ఎందుకని ఎవరూ అడగరు.

తలుపు వేసి, మొదటిరోజే అడగవలసింది అప్పుడు అడిగాను. "నీకేం కావాల ఓబులమ్మా?"

 "కోతంటే భయమే. మూణ్ణెల్లు పిల్లోణ్ణి ఎత్తుకోలేకపోతి. అట్లని ఇంటికాడ కని సచ్చిపోను కూడా భయమే. పెద్దాస్పత్రికి పోతా. తల కిందనే ఉంటే నేనే కంటా. కాకుంటే నేనే కొయ్యమంటా. నాకు బిడ్డా కావాల, నేనూ కావాల."

ఇంతకంటే మంచి తీర్పు నేను పుస్తకంలో చదవలేదు. రెండు పక్కలా ఉన్న భయాన్ని రెండు చేతుల్లో పెట్టి తూచింది. పెద్ద చదువులు చదివినవాళ్లలో కూడా ఒక పక్క భయాన్నే చూసి తీర్పు చెప్పేవాళ్లు ఎక్కువ. కోయడమే క్షేమం అనేవాళ్లు ఒకరు, కోయకపోవడమే గొప్ప అనేవాళ్లు ఒకరు. ఇద్దరి మాటా సగమే వినండి.

డాక్టరుగారికి ఈ మాట చెప్పాను. ఆయన కొరికిన రిజిస్టరులో కొత్త పేజీ తీసి రాశారు. "ఆధారము: పేషెంటు నోటిమాట." రాసి సంతకం పెట్టారు. ఆయన సర్వీసులో అటువంటి వాక్యం అదే మొదటిది.

కత్తులు ఉడుకుతున్న గది పక్కన

నెలలు నిండకముందే రైలెక్కాం. ఓబులమ్మ, గురవమ్మ, చెన్నయ్య, సెలవు పెట్టి నేను. గురవమ్మ అడిగినా పొట్టేళ్లను మాత్రం రానీయలేదు. పెద్దాసుపత్రి పక్క సత్రంలో మూడు వారాలు ఉన్నాం.

ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. అక్కడి పెద్ద డాక్టరమ్మ నెరిసిన జుట్టు మనిషి, మాట తక్కువ. మా కథ తెలియదు. "కిందటి కాగితం ఏది?" అంది వస్తూనే. గురవమ్మ నోరు తెరిచింది. నేను గురవమ్మ చెయ్యి గట్టిగా నొక్కాను. ఓబులమ్మ నొప్పికీ నొప్పికీ మధ్య మొదటి నుంచి చివరిదాకా చెప్పింది, ముద్రతో సహా. డాక్టరమ్మ లోపలికి పోయి పాత కేసుల పుస్తకం తిరగేసి వచ్చి, "అక్షరం తప్పలేదు," అని ఓబులమ్మ తల నిమిరింది. గురవమ్మను నీళ్లు కాయమని బయటికి పంపాం.

పొద్దెక్కాక ఓబులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కుట్టుకాడ నొస్తాంది నర్సమ్మా."

నేను డాక్టరమ్మను కేకేశాను. డాక్టరమ్మ వచ్చి మచ్చ మీద వేళ్లు పెట్టి నొక్కింది. "కాన్పు నొప్పి పోయాక కూడా ఉందా, ఆ నొప్పితోనేనా?" అని ఓబులమ్మనే అడిగింది.

"నొప్పితో వస్తాది, నొప్పితో పోతాది."

"అయితే చూద్దాం. పోకపోతే వెంటనే చెప్పు." పక్క గదిలో కత్తులు ఉడుకుతున్నాయి, మత్తు ఇచ్చే ఆయన కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. నా వేళ్లు ఓబులమ్మ నాడి మీద ఉన్నాయి. నాడి పరుగెత్తితే కుట్టు పిగులుతున్నట్టే. నేను దేవుణ్ణి తలుచుకుంటూ నాడి లెక్కపెట్టాను. రెంటిలో ఒకటి తప్పిపోతుందేమోనని అదొక భయం.

"నీళ్లు తెర్లినాయి!" అని బయటి నుంచి గురవమ్మ.

"ఇంకా తెర్లనీ!" అన్నాను.

"ఎంత తెర్లాలమ్మా? కాగు అడుగంటుతాంది!"

"ఇంకో కాగు పెట్టు!"

ఆ అరుపుల మధ్య ఓబులమ్మకు నవ్వొచ్చింది. అంత నొప్పిలోనూ పగలబడి నవ్వింది. ఆ నవ్వు ముగిసీ ముగియకముందే పెద్ద నొప్పి పట్టుకుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆడపిల్ల పుట్టింది, తనంతట తాను, తలతో. కుట్టు చెక్కుచెదరలేదు. నేను గోడకేసి తిరిగి ఏడ్చాను. రెండేళ్లుగా నాలో ఉండిపోయిన ఏడుపు అది.

గురవమ్మ మనవరాలిని ఎత్తుకుని, "బొల్లిగాని చలవ," అంది. ఎవరం కాదనలేదు.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ కొత్త కాగితం రాసిచ్చింది. ఇంగ్లీషు రాత, కింద ముద్ర. గురవమ్మ చెయ్యి చాచింది, అప్పటికే ఆమె కొంగు ముడిలో ఒక గొట్టం సిద్ధంగా ఉంది. ఓబులమ్మ కాగితాన్ని అత్తకు ఇవ్వకుండా నాకిచ్చి, "చదువు నర్సమ్మా," అంది. తెలుగులో చదివాను. "ఇంగోసారి," అంది. మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి ఆమె పెదవులు నాకంటే ముందే కదిలాయి. అప్పుడు కాగితం నా చేతిలోంచి తీసుకుని అత్త చేతిలో పెట్టింది.

"ఇంద అత్తా. బొల్లిగాని మెడకు కడతావో, మేతకే పెడతావో నీ ఇష్టం. నాకు నోటికొచ్చినాది."